ఒకవైపా, రెండువైపులా?

మా కాలేజీ గేటు పక్కన మెట్ల కింద ఒక గది ఉండేది. గది అని నేనంటున్నాను గానీ, మెట్లు కట్టగా మిగిలిన ఖాళీ అది. లోపలి కొసకి వెళ్ళి నిటారుగా నిలబడితే నెత్తికి బొప్పి కట్టడం ఖాయం. అందులో ఒక జిరాక్స్ యంత్రం, ఒక బల్ల, ఒక స్టూలు, వాటి మధ్య ఇరుక్కుని ఒక మనిషి. చలికాలం ఆ యంత్రం వేడికి పనిలేని వాళ్ళు కూడా వచ్చి నిలబడేవారు. ఎండాకాలం పనున్నవాళ్ళు కూడా కాయితం లోపలికి అందించి రోడ్డు మీదే ఉండిపోయేవారు. ఆ మనిషిని అందరూ రెండువైపులక్క అనేవారు.

పేరు వెనక పెద్ద కథేం లేదు. చేతిలో కాయితం పెట్టగానే, మొహం కూడా చూడకుండా ఆవిడ అడిగే మొదటి మాట "ఒకవైపా, రెండువైపులా?" అని. అలవాటు ఎంత ముదిరిందంటే, పన్ను తీయాలని డాక్టరు చెప్తే ఆయన్ని కూడా అదే అడిగిందట. ఈ ముక్క ఆవిడే చెప్పింది కాబట్టి నమ్మినా నమ్మొచ్చు, మానినా మానొచ్చు.

ఆవిడకో గుణం ఉండేది. చదవకుండా ఏ కాయితాన్నీ యంత్రంలో పెట్టేది కాదు. జనం రహస్యాలు చదువుతోందని కొంతమంది సణిగేవాళ్ళు. నిజమే, చదివేది. చదివి, "నీ పుట్టిన తేదీ రెండుచోట్ల రెండు రకాలుగా ఉంది, ఇంతకీ ఎప్పుడు పుట్టావ్?" అని అడిగేది. అలా ఎంతమంది పరువు గేటు బయటే కాపాడిందో లెక్కలేదు. చేతిరాత కూడా ముత్యాల కోవలా ఉండేది. నాది కోడి కెలికినట్టు ఉంటుంది. నాలాంటి వాళ్ళందరి దరఖాస్తులూ ఆవిడే రాసిపెట్టేది.

ఇక ఆ కాలేజీ సంగతి. నాలుగువేల మంది దరఖాస్తు పెడితే నూట ఇరవై మందిని తీసుకునేవాళ్ళు. పై చదువుకి దాన్ని మించింది మా చుట్టుపక్కల లేదు. అందులో సీటు రాకపోతే నేను మా అమ్మతో పాటు దుప్పట్లు కుట్టే ఫ్యాక్టరీలో చేరాలని ఇంట్లో అనుకున్నాం. ఎవరూ బలవంతపెట్టలేదు, మా పరిస్థితి అది. నాకు కుట్టుపని అంటే చిన్నచూపేం లేదు. కానీ నేను కట్టడాల చదువు చదవాలనుకున్నాను, అది అక్కడే ఉంది.

దరఖాస్తు ఫారానికి ముందు వైపు మార్కులు రాయాలి. వెనక వైపు సగం పేజీ ఖాళీ వదిలి, పైన ఒక ప్రశ్న: "చదువు కాక మీరేం చేస్తారు? మీ మాటల్లో రాయండి." నా మార్కులు నూటికి ఎనభై ఆరు. వెనక వైపుకి "ఏమీ లేదు" అని చెప్పాను. అక్క కలం కింద పెట్టేసింది.

"ఏమీ లేదా? నోట్లో నువ్వుగింజ నానని దానివి, రోజంతా నోరు మూసుకుని కూర్చుంటావా?"

"కూర్చోను. వాగుతుంటాను. వాగుడు రాయమంటావా?"

"ఎవరితో వాగుతావ్? దేని గురించి?"

అలా లాగగా లాగగా లిఫ్టు సంగతి బయటికొచ్చింది. మా బిల్డింగు ఆరంతస్తులు. లిఫ్టు పాడై ఏడు నెలలు బాగు కాలేదు. ఆరో అంతస్తులో మోకాళ్ళ నొప్పుల తాతగారు ఒకాయన ఉండేవారు, నాలుగో అంతస్తులో చంటిపిల్ల తల్లి. నేను మెట్ల మొదట్లో ఒక పాత బల్ల వేశాను. ఎవరి సామాను వాళ్ళు ఇంటి నంబరు చీటీ కట్టి దాని మీద పెట్టాలి. పైకెళ్ళే ప్రతివాళ్ళూ ఖాళీ చేతులతో వెళ్ళకుండా ఒక్క వస్తువు తీసుకుని, తమ అంతస్తు దాకా మోసి అక్కడ వదలాలి. అక్కణ్ణించి పైవాళ్ళు అందుకుంటారు. మొదట్లో సగంమంది చూడనట్టు వెళ్ళిపోయేవాళ్ళు. నేను మెట్ల దగ్గర కూర్చుని పేరు పెట్టి పిలిచి పరువు తీసేదాన్ని. నెల తిరిగేసరికి అందరికీ అలవాటైంది. తాతగారి మందులు పొద్దున కింద పెడితే మధ్యాహ్నానికి ఆరో అంతస్తు చేరేవి.

"ఇదేనా ఏమీ లేదు?" అంది అక్క. "నీలాంటి వాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది నాకు." తిట్టుకుంటూనే నేను చెప్పింది చెప్పినట్టు రాసింది. ఒక్క మాట తనది కలపలేదు. నేను చెప్పిన తిట్లు రెండు మాత్రం తీసేసింది.

అదే రోజు నా వెనక నిలబడ్డవాడు మా బడిలో చదివినవాడే. వాణ్ణి తొంభైతొమ్మిది అనేవాళ్ళం. ఏ పరీక్ష పెట్టినా వాడికి అన్నే వచ్చేవి. మిగిలిన ఆ ఒక్క మార్కు కోసం వాళ్ళమ్మ ఇల్లంతా వెతికేదని మా వెక్కిరింపు. ఒకరితో మాట్లాడేవాడు కాదు, ఒకరి జోలికి వెళ్ళేవాడు కాదు. వాడి నోట్లోంచి మాట లాగడం కన్నా యంత్రంలో ఇరుక్కున్న కాయితం లాగడం తేలికని అక్క అరగంట కుస్తీ పట్టి ఒప్పుకుంది. చివరికి వాడి వెనక వైపు రాసింది ఒకే ఒక్క వాక్యం. "ఖాళీ సమయంలో చదువుకుంటాను."

ఇక్కడే అసలు ముడి పడింది. మామూలుగా అయితే అక్క రెండువైపులా ఒకే కాయితం మీద తీసేది, పొరపాటుకి తావుండదు. ఆ ఏడు కాలేజీ వాళ్ళు ఏదో కొత్త యంత్రం తెచ్చారు. అది ఒకవైపే చదువుతుంది. అందుకని ముందు వైపు ఒక కాయితం మీద, వెనక వైపు ఇంకో కాయితం మీద నకలు తీసి, రెంటినీ కలిపి పిన్ను కొట్టి పెట్టెలో వేయాలన్నారు. పేరు గడి ముందు వైపే ఉంది. వెనక కాయితానికి పేరూ లేదు, ఊరూ లేదు. చేతిరాత చూసి పోల్చుకుందామంటే అన్నీ అక్క రాసినవే.

ఆ రోజే గడువుకి ఆఖరి రోజు. రోడ్డు దాకా జనం. అక్క ముందు వైపు కాయితాలన్నీ ఒక దొంతర, వెనక కాయితాలన్నీ ఇంకో దొంతరగా పేర్చుకుంటోంది. నా వెనక పేజీ తీస్తుంటే యంత్రం మింగేసి కూర్చుంది. మూత తెరిచి, నలిగిన కాయితం పీకి పారేసి, ఈలోగా తొంభైతొమ్మిది వెనక పేజీ తీసి, తర్వాత నాది మళ్ళీ తీసింది. వెనక దొంతరలో వరస తారుమారైంది. పై కాయితానికి పై కాయితం చేర్చి టకటకా పిన్నులు కొట్టేసింది. నేనూ చూసుకోలేదు, వాడూ చూసుకోలేదు. పెట్టెలో వేసి, ఏదో గెలిచినట్టు ఇళ్ళకి పోయాం.

మూడు వారాల తర్వాత ఇంటర్వ్యూకి పిలిచినవాళ్ళ పట్టిక గేటు మీద అంటించారు. తొంభైతొమ్మిది పేరుంది, నాది లేదు. నేను పైనుంచి కిందికి మూడుసార్లు, కిందనుంచి పైకి రెండుసార్లు చదివాను. అక్షరాలు మారలేదు. తిన్నగా అక్క గదికి వెళ్ళి నోటికొచ్చినట్టు అరిచాను. వీళ్ళకి మార్కులే కావాలట, మనుషులు అక్కర్లేదట, అలాంటప్పుడు ఆ వెనక పేజీ ఎందుకు పెట్టారు, మన చేత కథలు చెప్పించుకుని నవ్వుకోడానికా అన్నాను. అక్క నా చేతికి మంచినీళ్ళిచ్చి, "రాసింది బాలేదేమోనే. నేనే సరిగ్గా రాయలేదేమో," అంది. ఆ మాట ఆవిడ ఎందుకందో నాకప్పుడు తెలీదు.

వారం తర్వాత, పట్టపగలు, ఇంటి తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే అక్క. మా ఇల్లు అయిదో అంతస్తు. లిఫ్టు మామూలు ప్రకారం మళ్ళీ పడుకుంది. ఆవిడ గోడ పట్టుకుని రొప్పుతోంది. అక్క మధ్యాహ్నం పూట గది మూసిందంటే కాలేజీ కూలిపోయిందేమో అనుకున్నాను. ఆ రోజు అమ్మకి సెలవు, ఇంట్లోనే ఉంది. కుర్చీ వేసినా అక్క కూర్చోలేదు.

"తప్పు నాది," అంది. "తొంభైతొమ్మిది ఇంటర్వ్యూ అయిపోయి నా దగ్గరకొచ్చాడు. లిఫ్టు పాడైతే నువ్వు చేసిన ఏర్పాటు గురించి చెప్పు అన్నారట. వాడు బిక్కమొహం వేసి, మాది కింది అంతస్తండీ, మాకు లిఫ్టుతో పని లేదు అన్నాడట. వాడు చెప్తుంటేనే నాకు అర్థమైపోయిందే. నీ వెనక పేజీ వాడికి కొట్టాను. వాడిది నీకు కొట్టాను."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ. ఆ రోజు అది ముక్కు దిగి నోట్లోకొచ్చింది. "చదువుకున్నదానివైతే నీకు దాని విలువ తెలిసేది," అన్నాను. "నీకు కాయితాలంటే కాయితాలే కదా."

అమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టిగా లాగింది. అక్క గుమ్మం వైపు తిరిగి, "పద. ఆఫీసు ఇంకా తెరిచే ఉంటుంది. వాడు గేటు దగ్గర కూర్చుని ఉన్నాడు," అంది.

ఇప్పుడు తల్చుకుంటే నాకు ఆశ్చర్యం. ఈ తారుమారు పోల్చుకున్నది ఆవిడ ఒక్కతే. నోరు మెదపకుండా ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. పైగా ఆ మెట్ల కింద గది కాలేజీ వాళ్ళది. ఏటేటా దయతలచి అనుమతి కాయితం ఇస్తేనే ఆవిడ బతుకుతెరువు. ఆ అనుమతి మీద సంతకం పెట్టే మనిషి దగ్గరికే మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్తోంది. వాళ్ళమ్మ వద్దన్నా వచ్చానని తొంభైతొమ్మిది దారిలో చెప్పాడు. "అది నాది కాదు కదా," అన్నాడు. వాడు నాతో మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం అదే.

అడ్మిషన్ల మేడం గది నిండా ఫారాలు. కుర్చీల మీద, కిటికీ గట్టు మీద, నేల మీద కట్టలు కట్టలు. అక్క నిలబడే మొత్తం చెప్పింది. సాకులేం చెప్పలేదు. యంత్రం మీద నెట్టలేదు, జనం మీద నెట్టలేదు. మేడం రెండు ఫారాలూ వెతికించి, పక్కపక్కన పెట్టుకుని చదివింది. మొహం ఎర్రబడింది.

"ఏమ్మా, ఇది ఎంత పెద్ద విషయమో తెలుసా నీకు? ఇంకా ఎన్ని ఇలా కలిపావు?"

"ఇదొక్కటే మేడం. వరస తప్పింది ఆ ఒక్కచోటే. కావాలంటే మిగతావీ తీయించండి. ఎవరికి ఏం రాశానో నాకు గుర్తే."

నేను ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. "మీకు మార్కులే కావాలా, మనిషి కూడా కావాలా? నిజం చెప్పండి," అని అడిగాను. అక్క నా కాలు తొక్కింది.

మేడం నాకేసి చూసింది. కోపం ఎక్కువైపోయి నవ్వొచ్చినట్టుంది. "నిజమే చెప్తా. నాలుగువేల ఫారాలు, చదివేది మేం అయిదుగురం. ముందు పేజీలో ఎనభై అయిదు లేకపోతే రెండో పేజీ తిప్పం. తప్పో ఒప్పో, అంతకన్నా మా వల్ల కాదు. ఎనభై అయిదు దాటాక మాత్రం మార్కులు చూడం, వెనక పేజీయే చూస్తాం. నీది కూడా తిప్పాం. ఎనభై ఆరు వచ్చిన అమ్మాయి ఖాళీ సమయంలో కూడా చదువుకుంటానని రాసింది. అంత చదివినా ఇన్నేనా అనుకుని పక్కన పెట్టాం."

ఆ గదిలో మొదట నవ్వింది తొంభైతొమ్మిదే. వాడు నవ్వగలడని నాకు అప్పుడే తెలిసింది.

"మరి వీడిది?" అంది అక్క, వాడి భుజం మీద చెయ్యి వేసి. "వీడి పేజీ వీడికుంటే పిలిచేవారా?"

తొంభైకి పైన వచ్చిన వాళ్ళలో సగంమంది ఆ వాక్యమే రాశారని, పిలిచేవాళ్ళం కాదని మేడం ఒప్పుకుంది. అక్క మొహం పాలిపోయింది. నాకు జరిగిన అన్యాయం సరిదిద్దబోయి వాడికి దక్కింది పోగొడుతున్నానని ఆవిడకప్పుడు అర్థమైంది. వాడు మాత్రం తల దించలేదు. "ఇంటర్వ్యూలో లిఫ్టు నాది కాదని చెప్పాను మేడం. మీరు నమ్మలేదు," అన్నాడు. మేడం వాడి ఫారం దగ్గరికి లాక్కుని దాని మీద ఏదో చాలాసేపు రాసింది. మాకు చూపించలేదు.

తర్వాత జరిగింది గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే నేను చెప్పాలనుకున్నది అది కాదు. ఇంటర్వ్యూలు ఇంకా ఒకరోజు మిగిలున్నాయి, నన్ను పిలిచారు. వాగమంటే నాకు భయమేముంది, వాగాను. సీట్ల మొదటి పట్టికలో నా పేరొచ్చింది. రెండో పట్టికలో వాడిదొచ్చింది. నాలుగేళ్ళు పక్కపక్క బెంచీల్లో కూర్చున్నాం. వాడు నాకు లెక్కలు చెప్పాడు, నేను వాడికి నలుగురిలో నోరు విప్పడం నేర్పాను. అక్క గది అక్కడే ఉంది. మేడం తిట్టాల్సినవన్నీ తిట్టి, అనుమతి కాయితం మీద సంతకం మాత్రం ఆపలేదు. మరుసటేటి నుంచి ఫారంలో ప్రతి పేజీ నెత్తి మీదా పేరు గడి వచ్చింది. ఇప్పుడు ఆ మెట్ల కింద ఖాళీయే. అన్నీ ఫోనులోనే పంపుతున్నారు. అక్క వాళ్ళ చెల్లెలి ఇంటి పక్కన ఉంటోంది. ఆదివారం ఆదివారం నేను ఫోను చేస్తాను, ఆవిడ నన్ను తిడుతుంది. నేను కట్టిన ప్రతి బిల్డింగులో మెట్ల మొదట సామాను పెట్టుకోడానికి ఒక గట్టు కట్టిస్తాను. అది నా తెలివి కాదు, నేను చేసింది ఒక పనేనని నాకు చెప్పిన మనిషి పుణ్యం. ఆవిడకి నేను ఎంత రుణపడి ఉన్నానో చెప్పబోతే ఫోను పెట్టేస్తుంది, అందుకే ఇలా రాసుకుంటున్నాను.

చెప్పాలనుకున్నది ఆ రోజు ఆఫీసు బయట జరిగింది. తొంభైతొమ్మిది వాళ్ళమ్మ కోసం గేటుకి వెళ్ళాడు. అక్క వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయింది, లేవట్లేదు. ఎక్కి దిగిన మెట్ల వల్ల అనుకున్నాను. లోపలికెళ్ళి మేడంని ఒక మాట అడిగి రమ్మంది. ఆ ఎనభై అయిదు పద్ధతి ఎప్పటినుంచి ఉందో కనుక్కోమంది. నేను అడిగొచ్చాను.

"మేడం రాకముందు నుంచీ ఉందట. ముప్ఫై ఏళ్ళ పైమాటేనట."

అక్క చేతుల్లో మొహం దాచుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. చూస్తే నవ్వుతోంది, కళ్ళమ్మట నీళ్ళు కూడా కారుతున్నాయి.

"నాకు ఎనభై నాలుగే," అంది. "ఇరవై రెండేళ్ళ కిందట ఇదే కాలేజీకి పెట్టాను. రాలేదు. మార్కులు బాగానే ఉన్నాయి కదా, వెనక పేజీలో రాసింది బాలేదు కాబోలు అనుకున్నా. నా గురించి నేను చెప్పుకోవడం రాలేదు, నాలో చెప్పుకోడానికి ఏమీ లేదు కాబోలు అనుకున్నా. ఇన్నేళ్ళూ అదే అనుకున్నానే. వాళ్ళసలు చదవనేలేదు!"

ఒక్క మార్కు. నేను మా ఇంట్లో నిలబడి ఆవిడని అన్న మాట గుర్తొచ్చింది. "అక్కా, ఇందాక నేను..." అన్నాను.

"పోనీలే. అదేం కొత్త మాట కాదు. నన్ను నేను అంతకన్నా ఎక్కువే అనుకున్నాను."

"ఏం రాశావక్కా అప్పుడు?"

"ఇప్పుడెందుకే?"

"చెప్పు."

అక్క కళ్ళు తుడుచుకుని, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లలా చేతులు ఒళ్ళో పెట్టుకుని, గేటుకేసి చూస్తూ చెప్పింది. ఒక్క అక్షరం తడబడలేదు.

"మా అమ్మకి చూపు పోయింది. రోజూ సాయంత్రం ఆమెకి పేపరు చదివి వినిపిస్తాను. మా కిటికీ కింద చెప్పులు కుట్టే ఆయన కూర్చుంటాడు, ఆయనకి చదవడం రాదు. అందుకని కొంచెం గట్టిగా చదువుతాను. ఆయన కోసమని ఆయనకి తెలియనివ్వను."

చెప్పి ఆగిపోయింది. "అంతే. సగం పేజీ కూడా నిండలేదు," అంది.

"చాలా బాగుందక్కా," అన్నాను. "నా దానికన్నా బాగుంది."

అక్క గబుక్కున నా వైపు తిరిగింది. "నిజంగానా? నా కోసం అనట్లేదు కదా?" అంది. నలభై ఏళ్ళ మనిషి, పదిహేడేళ్ళ పిల్లని అడిగింది.